చూస్తే తెలిసేవి, చూసినా తెలియనివి

(పశుపక్ష్యాదులు, పురుగూ పుట్రా గురించి పాఠకుల ప్రశ్నలకు విజయనగరం నుంచి ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్ జవాబులు)

పోయిన నెల ఒక జవాబులో మాటవరసకి బాల్ పైథాన్ అనే చిన్న ఆఫ్రికా కొండచిలువ పేరెత్తాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇన్ని ఇళ్లల్లో ఆఫ్రికా పాములు కాపురం ఉంటున్నాయని నేననుకోలేదు. కోళ్ల గురించి, మేకల గురించి రాసినవాళ్లు ఏమీ అనుకోకండి. వచ్చే నెల మీ వంతు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా తమ్ముడు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. అక్కడ ఎవరి దగ్గరో ‘బనానా పాస్టెల్ హెట్ పైడ్’ అంటే నమ్మి ఒక బాల్ పైథాన్ కొన్నాడు. ఇప్పుడు ఇంటి నుంచే పని అని పాముతో సహా ఊరొచ్చేశాడు. దాని పేరెంత పొడుగో ధరా అంత పొడుగు. నా కంటికి మాత్రం అదొక పసుపు పాము. ఆ మూడు పేర్లూ నిజమేనా? ఫోటోలు పంపుతున్నాను. – ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: తల్లీ, మీ మొదటి ఫోటో చూసి నేను గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే. మీ ఇంట్లో ఎర్ర పూల దుప్పటి ఉంది. రాత్రిపూట పసుపు బల్బు కింద, ఎర్ర దుప్పటి మీద పడుకోబెట్టి తీస్తే ఏ పామైనా బనానాలాగే కనిపిస్తుంది. మళ్లీ అడిగితే మీ తమ్ముడు పగటిపూట కిటికీ పక్కన, తెల్ల కాగితం మీద పెట్టి తీసి పంపాడు. అదీ ఫోటో అంటే. పక్కన తెల్లటి వస్తువు ఒకటి ఉంటే కెమెరా రంగుని ఎంత మార్చిందో మనకి తెలుస్తుంది. తల పైనుంచి ఒకటి, తల పక్కనుంచి ఒకటి, వీపు మొత్తం, పక్కలు, పొట్ట కింద – ఇవన్నీ కావాలి. అదీ కుబుసం విడిచిన రెండు మూడు రోజుల్లో తీసినవైతే మంచిది. విడవబోయే ముందు పాము కళ్లు నీలంగా మసకబారిపోతాయి, ఒంటి రంగు కూడా వెలవెలబోతుంది. ఆ సమయంలో మార్ఫ్ పేరు, అంటే ఈ రంగుల రకం పేరు, చెప్పమని నన్ను అడగొద్దు, ఎవరైనా చెబితే నమ్మొద్దు.

ముందు మామూలు బాల్ పైథాన్ ఎలా ఉంటుందో తెలియాలి. అమ్మేవాళ్లు దాన్ని ‘నార్మల్’ అంటారు. నలుపు కలిసిన ముదురు గోధుమరంగు ఒళ్లు, దాని మీద లేత గోధుమరంగు మచ్చలు, పక్కల మచ్చల్లోపల మళ్లీ చిన్న నల్లచుక్కలు. ఈ చుక్కలున్న మచ్చల్ని పెంపకందార్లు ‘ఏలియన్ హెడ్స్’ అంటారు. ముక్కు దగ్గర మొదలై కంటి మీదుగా మెడ వైపు పోయే లేత గీత ఒకటి ఉంటుంది. పొట్ట తెలుపు, అంచుల్లో అక్కడక్కడ నలుపు. ఈ రూపం బాగా కళ్లల్లో నిలిచిపోయాక, మన చేతిలో ఉన్న పాములో ఏం మారిందని వెతకాలి. ఒంటి రంగు మారిందా? మచ్చల ఆకారం మారిందా? తల మీద గుర్తులు మారాయా? పొట్ట మారిందా? పేర్ల సంగతి ఆ తర్వాత. చాలామంది తిరగేసి చేస్తారు. పేరు ముందు విని, ఆ పేరుకి తగ్గట్టు పాముని చూస్తారు.

ఇక మీ పాము. దీని ఒంట్లో నలుపు పరుచుకుని లేదు. నలుపు ఉండాల్సిన చోట వంకాయ రంగు కాస్త కలిసిన లేత గోధుమ ఉంది, మచ్చలు మంచి పసుపు. వాటి మీద ఇంకు పెన్ను విదిలించినట్టు నల్ల చుక్కలు, మెడ దగ్గర పలచగా, నడుం దగ్గర ఒత్తుగా. ఇది బనానాయే, సందేహం లేదు. ‘కోరల్ గ్లో’ అని ఇంకొకరు అమ్మేది కూడా ఇదే. గుడ్డులోంచి వచ్చినప్పుడు ఈ చుక్కలుండవు, వయసుతో పాటు దిగుతాయి. అమ్మినప్పటి ఫోటోలో చుక్కల్లేవు, పాముని మార్చేశారని మీ తమ్ముడు రాశాడు. మార్చలేదు బాబూ, అది పెరిగింది.

పాస్టెల్ దగ్గర నా గొంతు తగ్గుతుంది. మామూలు పాముకి పాస్టెల్ జన్యువు ఒకటి వస్తే పసుపు పెరుగుతుంది, నడినెత్తి మీద, పక్కల మచ్చల మధ్య రంగు వెలిసిపోతుంది, కళ్లు లేత ఆకుపచ్చగా మారతాయి. అయితే బనానా కూడా కలిసినప్పుడు కళ్లని బట్టి తేల్చలేం, ఆ రంగు దానివల్లా మారిపోతుంది. పైగా పాస్టెల్ పాములు పెద్దవయ్యేకొద్దీ పసుపు తగ్గి మట్టిరంగుకి తిరుగుతాయి. మీ పాము నెత్తి మీద వెలిసిన జాడ ఉన్న మాట నిజం. ‘ఉండొచ్చు’ అంటాను, ‘ఉంది’ అనను. పిల్లప్పటి ఫోటో దొరికితే పంపండి, అందులో ఇంకా బాగా తెలుస్తుంది.

డబ్బు ఎక్కువగా గుంజి ఉండేది మూడో మాటకి. పైబాల్డ్ అంటే ఒంటి మీద పెద్ద పెద్ద భాగాలు పూర్తిగా తెల్లగా ఉండి, మిగతా చోట రంగు ఉండే పాము. అది అంతర్గత లక్షణం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలు వస్తేనే పైకి కనిపిస్తుంది. ఒక్క కాపీ ఉన్నదాన్ని హెట్ అంటారు. ఇంటర్‌లో మీరు విషమయుగ్మజం అని చదువుకున్నదే. అది చూడ్డానికి మామూలు పామే. తోక వైపు పొట్టకి రెండు పక్కలా నల్లగీతలు పట్టాల్లా సాగితే హెట్ పైడ్ అని ఒక నమ్మకం ఉంది. మీ తమ్ముడు ఆ గీతల ఫోటో పంపి వాటి పక్కన బాణం గుర్తులు కూడా పెట్టాడు, పాపం. అవే గీతలు హెట్ కాని పాముల్లోనూ ఉంటాయి, హెట్ అయిన పాముల్లో లేకపోవచ్చు కూడా. అనుమానించడానికి పనికొస్తాయి, వాటిని చూసి డబ్బులు కట్టకూడదు.

మరి రుజువేమిటి? తల్లిదండ్రుల్లో ఒకటి పైబాల్డ్ అని చూపించే ఫోటో, ఆ ఈతలో ఈ పిల్ల పుట్టిందన్న రికార్డు. అమ్మినవాళ్ల దగ్గర అవి లేకపోతే మీరు కొన్నది బనానా మాత్రమే అనుకోండి. రెండో దారి కుబుసం. అమెరికాలో ఈస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు పెంపకందార్లని అడిగి, వాళ్లు పంపిన కుబుసాల నుంచి డీఎన్ఏ తీసి, ఒంట్లో నల్లరంగు లేని అల్బినో బాల్ పైథాన్లలో, ఆ రంగు తయారీకి కావాల్సిన టైరోసినేజ్ జన్యువు చెడిపోయి ఉందని తేల్చారు. 2022లో ఆ పరిశోధన అచ్చయింది. ఇప్పుడు అక్కడ కుబుసం ముక్క పంపితే కొన్ని మార్ఫ్‌లకి హెట్ అవునో కాదో చెప్పే ల్యాబులున్నాయి. అందుకని ఈసారి విడిచిన కుబుసం పారేయకుండా ఆరబెట్టి కవర్లో పెట్టమనండి. పెట్టే ముందు ఒకసారి కిటికీకి అడ్డంగా పట్టి చూడండి. మెలనిన్ అనే నల్లరంగు ఉన్న పాము కుబుసంలో ఒంటి మీది మచ్చలు బూడిదరంగులో లీలగా కనిపిస్తాయి. మీ పాము కుబుసం చాలా మట్టుకు తేటగా ఉండి, ఆ నల్లచుక్కలు మాత్రం కనిపించాలి. కనిపించాయో లేదో నాకు రాయండి.

ప్రశ్న: ‘66 శాతం హెట్ క్లౌన్’ అని ఒక జత బేరానికి వచ్చింది. నూటికి 66 వంతులు క్లౌన్ రక్తం ఉన్నట్టా? దీంతో పిల్లలు తీస్తే లాభమేనా? – ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: రక్తం కాదు నాయనా, అది లెక్క. కాగితం మీద నాలుగు గడులు గీయండి. రెండు హెట్ పాముల్ని జత కడితే సగటున ఒక గడిలో క్లౌన్, రెండు గడుల్లో హెట్, ఒక గడిలో ఏమీ లేని పిల్ల వస్తాయి. క్లౌన్ పిల్లని చూడగానే పట్టేస్తారు. వీపు మీద మచ్చలన్నీ కలిసి ఒక చారగా సాగుతాయి, కంటి కింద చుక్క ఉంటుంది. దాన్ని పక్కకి తీసి ఎక్కువ ధరకి అమ్ముకుంటారు. మిగిలిన మూడూ చూపుకి ఒకటే. ఆ మూడింట్లో రెండు హెట్. అందుకే ఒక్కోదానికి 66 శాతం అని రాస్తారు. అంటే మీరు కొనే పాము హెట్ అయితే పూర్తిగా హెట్, కాకపోతే పూర్తిగా కాదు. మధ్యస్థంగా ఏమీ ఉండదు. ఒక హెట్‌కి, అసలు ఆ జన్యువే లేని పాముకి పుట్టిన పిల్లల్ని 50 శాతం అంటారు. తల్లిదండ్రుల్లో ఒకటి స్వయంగా క్లౌన్ అయితే, క్లౌన్‌లా కనిపించని ప్రతి పిల్లా 100 శాతం హెట్.

ఇప్పుడు మీ జత సంగతి. మగది హెట్ అయ్యే అవకాశం మూడింట రెండు, ఆడదానికీ అంతే. రెండూ హెట్ అయ్యే అవకాశం తొమ్మిదింట నాలుగు. అంటే సగం కన్నా తక్కువ. రెండూ హెట్ అయినా ఒక్కో గుడ్డులో క్లౌన్ వచ్చే అవకాశం నాలుగింట ఒకటే. బాల్ పైథాన్ ఒక ఈతకి పెట్టేది మామూలుగా అర డజను గుడ్లు, అటూ ఇటుగా. ఆడది గుడ్లకి రావడానికి సాధారణంగా మూడేళ్లన్నా ఆగాలి. ఇవన్నీ కూడుకుని లాభం సంగతి మీరే చూసుకోండి.

పాస్టెల్, మోహావే, లెస్సర్ లాంటి మార్ఫ్‌లు ఇలా కాదు. ఒక్క కాపీ ఉన్నా పైకి కనిపిస్తాయి, రెండు కాపీలైతే రూపం ఇంకా మారిపోతుంది, దాన్ని ‘సూపర్’ అంటారు. అక్కడ దాపరికం తక్కువ, మోసమూ తక్కువ. ఎక్సాంథిక్ దగ్గర మాత్రం జాగ్రత్త. పసుపు లేకుండా నలుపు, బూడిద, తెలుపుతో పుట్టే పాములవి. వాటిలో వీపీఐ అనీ టీఎస్‌కే అనీ వేర్వేరు వంశాలున్నాయి. ఒక వంశాన్ని ఇంకో వంశంతో కలిపితే పిల్లలన్నీ మామూలుగా పుడతాయి. అమ్మేవాడు వంశం పేరు చెప్పలేకపోతే లేచి వచ్చేయండి.

ప్రశ్న: మా అబ్బాయి పాము తల మెలి తిప్పుతుంది, ఒక్కోసారి తలకిందులుగా ఆకాశం చూస్తుంది. మా అత్తగారు దిష్టి తగిలిందని ఎర్రనీళ్లు తీసి పోశారు. దాని ఒంటి మీద సాలెగూడులా సన్నటి గీతలుంటాయి. – ఒక గృహిణి, బొబ్బిలి

జవాబు: మీ అత్తగారి ఎర్రనీళ్ల వల్ల పాముకి నష్టమేమీ లేదు, ఆవిడని ఏమీ అనకండి. అది స్పైడర్ మార్ఫ్. సన్నటి గీతలు, పక్కల్లో తెలుపు ఎక్కి మచ్చలు చెదిరిపోవడం, తల మీద విడిగా ఒక ముద్ర. మీ ఫోటోలో మూడూ ఉన్నాయి. పిన్‌స్ట్రైప్ అనే ఇంకో మార్ఫ్‌లోనూ సన్నగీతలే కాబట్టి కొత్తవాళ్లు రెంటినీ కలిపేస్తారు. పిన్‌స్ట్రైప్ పాము తల తిప్పదు.

ఈ తల తిప్పుడు స్పైడర్ జన్యువుతోనే వస్తుంది. కొన్నింటిలో కొంచెం, కొన్నింటిలో తిండి పట్టుకోలేనంత. దీన్ని ‘వోబుల్’ అంటారు. 2022లో అచ్చయిన ఒక పరిశోధనలో స్పైడర్ పాముల లోపలి చెవిని స్కాన్ చేసి చూశారు. ఒంటి తూకాన్ని పట్టే అర్ధవర్తుల కుల్యలు, వాటి పక్కనున్న తిత్తులు ఆకారం తప్పి ఉన్నాయి. అందమైన గీత, చెడిన చెవి ఒకే జన్యువు పని కాబట్టి మంచి స్పైడర్, చెడ్డ స్పైడర్ అని విడదీసి పెంచడం కుదరలేదు. ఛాంపేన్, వోమా మార్ఫ్‌ల్లోనూ ఈ బాధ ఉంది. మందు లేదు. పాముని ఎత్తయిన కొమ్మలెక్కించొద్దు, ఊరికే చేతుల్లోకి తీసుకుని కంగారు పెట్టొద్దు. తిండి చూపించేటప్పుడు పట్టకారుతో దగ్గరగా, కదలకుండా పట్టుకోండి. దాన్ని జత కట్టించొద్దని మీ అబ్బాయికి నా మాటగా చెప్పండి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఈ గీతలు లేని పాము, నిన్నటిదాకా బాగున్నది, ఉన్నట్టుండి తల తిప్పితే అది మార్ఫ్ కాదు, జబ్బు. డబ్బాలో వేడి ఎక్కువైనా అలా అవుతుంది. వెంటనే పశువుల డాక్టరుకి చూపించాలి.

ప్రశ్న: మా పొలంలో తెల్ల పాము కనపడింది. ఊళ్లో వాళ్లు శ్వేతనాగు అని పసుపు కుంకాలు తెస్తున్నారు. అదీ మార్ఫేనా? – ఒక రైతు, టెక్కలి

జవాబు: ఒక రకంగా అంతే. బాల్ పైథాన్లలో 1992లో అమెరికాలో పెంపకంలో పుట్టిన మొదటి అల్బినో పిల్లలకి మూలం ఎక్కడో ఆఫ్రికా అడవిలో పుట్టిన పామే. మన నాగుపాములోనూ అదే జరుగుతుంది. తెల్ల పాముని చూడాల్సింది కళ్ల దగ్గర. కళ్లు ఎర్రగా, గులాబీగా ఉంటే అల్బినో, నల్లరంగు అసలు తయారవలేదన్నమాట. ఒళ్లు తెల్లగా ఉండి కళ్లు నల్లగానో నీలంగానో ఉంటే లూసిస్టిక్. బాల్ పైథాన్లలో మోహావేకి లెస్సర్‌ని జత కడితే, రెండూ గోధుమరంగు పాములే అయినా, నాలుగింట ఒక పిల్ల నీలికళ్లతో తెల్లగా పుట్టొచ్చు.

మీ పాము కళ్లు చూడ్డానికి మాత్రం మీరు దగ్గరికి వెళ్లకండి. రంగు పోయినంత మాత్రాన విషం పోదు. పసుపు కుంకాలు పుట్ట దగ్గర పెట్టి వెనక్కి రమ్మనండి. అటవీ శాఖ వాళ్లకి ఫోన్ చేయండి, వాళ్లు పాములు పట్టేవాళ్లని పంపిస్తారు.

ప్రశ్న: జీడితోటలో చిన్న కొండచిలువ పిల్ల దొరికింది మేడమ్. నెట్‌లో చూస్తే అచ్చం బాల్ పైథానే. దీన్ని పెంచుకోవచ్చా? నేను తొమ్మిదో తరగతి. – పలాస

జవాబు: వద్దు నాన్నా. నీ ఫోటోలో పాము తల మీద బాణం ములుకు లాంటి గుర్తు స్పష్టంగా ఉంది. అది మన కొండచిలువ. బాల్ పైథాన్ పెద్దయినా మూడు నుంచి అయిదడుగులు. ఇది మూడు మీటర్లు దాటగలదు. నువ్వు ఇంటర్‌కి వచ్చేసరికి మీ అమ్మగారు ఇల్లు ఖాళీ చేయాల్సొస్తుంది. అన్నిటికన్నా ముందు, వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూల్ జీవి. పట్టినా, పెంచినా, అమ్మినా నేరం. మీ నాన్నగారితో చెప్పి ఈ రోజే అటవీ శాఖ వాళ్లకి అప్పగించండి. పాముల మీద ఆసక్తి ఉంటే ఉత్తరాలు రాస్తూ ఉండు, జవాబిస్తాను.

ప్రశ్న: బాల్ పైథాన్ ఇంట్లో ఉంచుకోవడానికి కాగితాలు కావాలా? – చాలామంది

జవాబు: కావాలి. ఇది అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం సైటీస్‌లో రెండో అనుబంధంలో ఉన్న జీవి. 2022లో మన చట్టాన్ని సవరించి ఇలాంటి విదేశీ జీవులకి నాలుగో షెడ్యూల్ పెట్టారు. 2024లో రిజిస్ట్రేషన్ నిబంధనలు వచ్చాయి. కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, చేతులు మారినా అక్కడే తెలపాలి. ఫారంలో ‘బనానా పాస్టెల్’ అని రాసి ఊరుకోకండి, జాతి పేరు పైథాన్ రెజియస్ అని రాయండి. కొనేముందే అమ్మేవాళ్ల నమోదు కాగితం చూపించమనండి. ‘తర్వాత పంపిస్తాం’ అంటే డబ్బు కూడా తర్వాతే ఇవ్వండి.

ప్రశ్న: మా బనానా మగపాముకి, నార్మల్ ఆడపాముకి పుట్టిన పిల్లల్లో బనానాలన్నీ ఆడవే, నార్మల్ పిల్లలన్నీ మగవే. ఇదేటి విచిత్రం మేడమ్? – ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో పాములన్నిటికీ ఆడా మగా తేల్చేవి కోళ్లలాగే జెడ్, డబ్ల్యూ క్రోమోజోములని పుస్తకాల్లో ఉండేది. 2017లో కొందరు పరిశోధకులు బోవా అనే పెద్ద పాముల్లో, పైథాన్లలో మనుషుల్లాగా ఎక్స్, వై పద్ధతి ఉందని చూపించారు. బాల్ పైథాన్ పెంపకందార్లకి ఆ అనుమానం అంతకుముందే వచ్చింది, ఈ బనానా పుణ్యమా అని.

బనానా జన్యువు ఉండేది లింగ క్రోమోజోము మీద. మీ మగపాముకి అది తల్లి నుంచి వచ్చి ఉంటే ఎక్స్ మీద ఉంటుంది. తండ్రి తన ఎక్స్‌ని కూతుళ్లకే ఇస్తాడు కాబట్టి బనానా పిల్లలు దాదాపు అన్నీ ఆడవి అవుతాయి. తండ్రి నుంచి వచ్చి ఉంటే వై మీద ఉంటుంది, అప్పుడు బనానాలు దాదాపు అన్నీ మగవి అవుతాయి. ‘దాదాపు’ ఎందుకంటే అప్పుడప్పుడు ఆ రెండు క్రోమోజోములూ ముక్కలు మార్చుకుంటాయి, లెక్క తప్పిన పిల్ల ఒకటీ అరా వస్తుంది. దీన్ని బట్టి మీ పాముని చూడకుండానే ఒక మాట చెబుతాను. దాని తల్లి బనానా. అమ్మినవాళ్లని అడిగి చూడండి, కాదంటే నాకు రాయండి.